జెర్సీ సిటీ డౌన్‌టౌన్: టవరా, లాఫ్టా? పోపు పెట్టి తేల్చేద్దాం

నమస్కారం అండి. ఈ రోజు న్యూజెర్సీలో, మాన్‌హటన్‌కి హడ్సన్ నది అవతల ఉన్న జెర్సీ సిటీ డౌన్‌టౌన్‌లో, వాషింగ్టన్ స్ట్రీట్ మీద నిలబడి మాట్లాడుతున్నాను. గాలి గట్టిగా ఉంది, మైకులో హోరు వినిపిస్తే ఏమీ అనుకోకండి.

నా వెనక ఉన్న ఎర్ర ఇటుకల బిల్డింగ్ చూశారా? పాడుబడిన కోటలా ఉంది కదా. హడ్సన్ నది కింద నడిచే రైళ్లకి కరెంటు కోసం 1908 నాటికి కట్టిన పవర్‌హౌస్ ఇది. ఆ రైళ్లనే ఇప్పుడు మనం పాత్ ట్రైన్ అంటున్నాం. 1929లో ఇది మూతపడింది. స్థానికులు పట్టుబట్టడంతో 2001లో జాతీయ చారిత్రక కట్టడాల జాబితాలో చేరింది. ఇప్పుడు కెమెరా కాస్త పైకి తిప్పుతాను. అదిగో, పెట్టెల్ని ఒకదాని మీద ఒకటి కొంచెం పక్కకి జరిపి పేర్చినట్టుందే, అది అర్బీ. 69 అంతస్తులు, 762 అపార్ట్‌మెంట్లు, 2017లో తెరిచారు. ఇంకాస్త దక్షిణంగా, అన్నిటికంటే పైకి కనిపించేది 99 హడ్సన్. 79 అంతస్తులు, 900 అడుగులు, న్యూజెర్సీ మొత్తంలో అదే ఎత్తైనది.

"అన్నా, మాన్‌హటన్‌లో జాబ్ వచ్చింది, జెర్సీ సిటీలో కొత్త టవర్ తీసుకోనా, పాత లాఫ్ట్ తీసుకోనా?" వారానికి నాలుగైదు మెసేజీలు ఇవే వస్తున్నాయి. రెండిట్లోనూ ఉన్నాను కాబట్టి చెప్తాను. ఎవరూ డబ్బులివ్వలేదు, ఇది స్పాన్సర్డ్ వీడియో కాదు.

ముందు ఈ లాఫ్ట్ అనే మాట సంగతి. మన ఇళ్లలో లాఫ్ట్ అంటే తలుపు మీద అరుగులా కట్టి, పాత సూట్‌కేసులు, ఇత్తడి గిన్నెలు పడేసే చోటు. నేను ఫోన్లో "అమ్మా, లాఫ్ట్‌లోకి మారుతున్నాం" అంటే మా అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఏరా, జీతం రావట్లేదా? అటకెక్కి ఉండటమేంటి?" అంది. ఇక్కడ లాఫ్ట్ అంటే వేరు. పాత ఫ్యాక్టరీని, గోదాముని లోపల తిరగేసి ఇళ్లుగా మార్చినవి. ఎత్తైన సీలింగు, లావుపాటి స్తంభాలు, ఇటుక గోడ, నిలువెత్తు కిటికీలు.

ఈ ఊళ్లో వాటికి కొదవ లేదు. ఒకప్పుడు ఇది రైల్వే యార్డులు, రేవులు, ఫ్యాక్టరీల ఊరు. బే స్ట్రీట్‌లో ఏ అండ్ పీ అనే కిరాణా కంపెనీ గోదాము ఉండేది, అదిప్పుడు ఇళ్లు. వేన్ స్ట్రీట్ వైపు వెళ్తే డిక్సన్ మిల్స్. మనం చూసే ఆ పసుపు టైకాండరోగా పెన్సిల్ ఉందే, ఆ డిక్సన్ కంపెనీ ఫ్యాక్టరీ అది. 1980లలోనే అపార్ట్‌మెంట్లుగా మార్చారు. ఇక్కడ ఇంకా టవర్ల ఊసు పెద్దగా లేని రోజులవి. ఇప్పుడు టవర్లతో నిండిన న్యూపోర్ట్ పేట అప్పుడప్పుడే పాత రైల్వే యార్డుల మీద లేస్తోంది.

ఒక్క బిల్డింగ్ మాత్రం చూపించలేను, ఎందుకంటే అది లేదు. 111 ఫస్ట్ స్ట్రీట్. లోరిలార్డ్ వాళ్ల పొగాకు ఫ్యాక్టరీ. మూతపడ్డాక చాలా ఏళ్లు బొమ్మలు గీసేవాళ్లు, శిల్పాలు చేసేవాళ్లు స్టూడియోలు పెట్టుకున్నారు. ఈ పేటకి ఒక పేరొచ్చింది వాళ్ల వల్లే. 2005లో ఖాళీ చేయించారు, 2007లో కూల్చేశారు. ఇప్పటికీ ఈ ఏరియాని పవర్‌హౌస్ ఆర్ట్స్ డిస్ట్రిక్ట్ అనే అంటారు. పవర్‌హౌస్ అయితే నా వెనకే ఉంది. ఆర్ట్స్ కోసం మాత్రం కాస్త వెతుక్కోవాలి.

సరే, అసలు రివ్యూకి వద్దాం. ముందు లాఫ్ట్. నేను ఉన్న బిల్డింగ్ పేరు చెప్పను, ఎలాగూ చాలా లాఫ్టుల్లో ఇదే కథ. పొద్దున ఎండ పడితే ఆ ఇల్లు ఎంత బాగుంటుందో మాటల్లో చెప్పలేను. పక్కింటి టీవీ వినిపించేది కాదు, గోడలంత మందం. చూసిన ప్రతివాళ్లూ ఫొటో దిగి వెళ్లేవారు. కానీ పడకగది గోడ సీలింగు దాకా లేదు! ఎనిమిది అడుగుల దగ్గర ఆగిపోయింది. పైనంతా ఖాళీ. పెద్ద హాలు మధ్యలో అడ్డుగోడ కట్టి దాన్నే బెడ్‌రూమ్ అన్నారు. ఫ్యాక్టరీ ఫ్లోరు లోతు ఎక్కువ, కిటికీలేమో చివర్లోనే. లోపలి గదికి వెలుతురు రావాలంటే గోడ పైన వదిలేయడం తప్ప దారి లేదు.

అప్పుడే అమ్మ వచ్చింది. ఉగాది, పులిహోర. నూనె కాగింది, ఆవాలు చిటపటలాడాయి, ఎండుమిర్చి వేసింది, ఇంగువ పడింది. పొయ్యి మీద చిమ్నీ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాను. తీరా చూస్తే ఆ చిమ్నీ పొగని బయటికి పంపదు. లోపలికి పీల్చి, జాలీలోంచి మళ్లీ మన మొహం మీదకే వదులుతుంది. రెండు నిమిషాల్లో స్మోక్ అలారం మొదలైంది. పిల్లాడు లేచి ఏడుపు. మా ఆవిడ కుర్చీ ఎక్కి టవల్ విసురుతోంది, అలారమేమో పన్నెండడుగుల ఎత్తున ఉంది. అమ్మ గరిటె పట్టుకుని చుట్టూ చూసి, "ఇది ఇల్లా, గోదామా?" అంది. గోదామేనమ్మా, ఇంటి అద్దె కడుతున్నాం అంతే. ఆ ఇంగువ వాసన దుప్పట్లలో నాలుగు రోజులు ఉంది.

అందుకే ఇప్పుడు ఇల్లు చూడ్డానికి ఎవరు పిలిచినా నేను చూసేది లాబీ కాదు. వంటింట్లోకి వెళ్లి ఫ్యాన్ ఆన్ చేసి, టిష్యూ పేపర్ పైన పెట్టి, గాలి ఎక్కడికి పోతోందో చూస్తాను. చూపించే అమ్మాయి వింతగా చూస్తుంది. చూడనివ్వండి. కొత్త టవర్లన్నీ దీంట్లో పాసైపోతాయని అనుకోకండి. బయటికి గొట్టం లేని మైక్రోవేవ్ ఫ్యానే పెట్టినవి వాటిల్లోనూ చాలా చూశాను. కాకపోతే టవర్లో పడకగదికి తలుపంటూ ఉంటుంది, గోడ సీలింగుకి తగులుతుంది.

ఇక టవర్లు అమ్ముకునేది వ్యూని. నిజం చెప్పాలంటే ఆ వ్యూ మొదటిసారి చూస్తే నోట మాట రాదు. కానీ ఈ పేట ఇంకా కడుతూనే ఉంది. 2010 జనాభా లెక్కల్లో ఈ ఊళ్లో 2,47,597 మంది, 2020కి 2,92,449. పదేళ్లలో దాదాపు 45 వేల మంది. వాళ్లకి ఇళ్లు కావాలి కదా. మా ఫ్రెండ్ ఒకడు ఎంపైర్ స్టేట్ కనిపిస్తుందని నెలకి ఎక్కువిచ్చి పై ఫ్లోరు తీసుకున్నాడు. రెండేళ్లకి ఎదురుగా ఇంకో టవర్ లేచింది. ఇప్పుడు ఎదుటి జిమ్‌లో ఎవరు ఎంతసేపు పరిగెత్తుతున్నారో చెప్పగలడు. కోకాపేటలో ఫ్లాట్ కొన్నవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు. కిటికీలోంచి మాన్‌హటన్ వైపు చూడకండి, కిందకి చూడండి. ఎదురుగా ఓపెన్ పార్కింగ్ స్థలం కనిపిస్తే అది పార్కింగ్ కాదు, రాబోయే టవర్. సిటీ ప్లానింగ్ బోర్డు అజెండాలు ఎవరైనా చూడొచ్చు, పావుగంట పని.

నీళ్ల సంగతి మాత్రం నవ్వుతూ చెప్పలేను. ఈ తీరంలో చాలా భాగం నదిని పూడ్చి తీసిన నేల. 2012 అక్టోబర్ 29 రాత్రి శాండీ తుఫానుకి హడ్సన్ నీళ్లు వీధుల్లోకి వచ్చాయి, ఎక్స్ఛేంజ్ ప్లేస్ పాత్ స్టేషన్‌లోకి దిగాయి. 40వ ఫ్లోర్లో ఉన్నాం, మనకేంటి అనుకోవద్దు. కరెంటు ప్యానెళ్లు కిందుంటే లిఫ్ట్ ఆగుతుంది, తర్వాత నీళ్ల మోటార్లు ఆగుతాయి, అప్పుడు 40 అంతస్తులు మీ మోకాళ్లే ఎక్కాలి. జనరేటర్, కరెంటు గది ఏ అంతస్తులో ఉన్నాయో అడగండి. 2024 మార్చి నుంచి న్యూజెర్సీలో వరద ముప్పు సంగతి అద్దెకిచ్చేవాళ్లు, అమ్మేవాళ్లు ముందే కాగితం మీద చెప్పి తీరాలి. ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టకండి.

అద్దె లెక్కలో ఒక మెలిక ఉంది. ప్రకటనలో 3,667 డాలర్లని ఉంటుంది. అసలు అద్దె 4,000, ఒక నెల ఫ్రీ ఇచ్చి పన్నెండుతో భాగించి వేశారు. రెండో ఏడు 5 శాతమే పెంచామంటారు. ఆ 5 శాతం 4,000 మీద, అంటే 4,200. మీ బడ్జెట్లో ఉన్నదేమో 3,667. నెలకి 533 పెరిగినట్టే. పైగా, ముందే నోటీసు దాఖలు చేసిన కొత్త బిల్డింగులకి రాష్ట్ర చట్టం అద్దె నియంత్రణ నుంచి మినహాయింపు ఇస్తుంది, గరిష్ఠంగా 30 ఏళ్లు. కాబట్టి పెంపుకి సీలింగ్ ఉంటుందిలే అన్న భరోసాతో వెళ్లకండి. కొనేవాళ్లయితే ఆస్తి పన్ను రాయితీ ఉందా, ఏ ఏడాదితో అయిపోతుందో లాయర్‌తో చూపించుకోండి. ఆ ఏడాది తర్వాత నెలవారీ లెక్కే మారిపోతుంది.

ఇదే ఊళ్లో ఇంకో పేట, జర్నల్ స్క్వేర్ గురించి అడుగుతున్నారు కదా. అక్కడ కూడా జర్నల్ స్క్వేర్డ్ టవర్లు, ఇంకా కొత్తవి లేస్తున్నాయి. మన ఇండియన్ షాపులుండే ఇండియా స్క్వేర్ నడిచి వెళ్లేంత దూరం. కరివేపాకు, గోంగూర కోసం కారు తీయక్కర్లేదు, నాకైతే అది రూఫ్‌టాప్ స్విమ్మింగ్ పూల్ కంటే ఎక్కువ. కానీ "వస్తుంది" అన్నదానికి డబ్బు కట్టకండి. ప్యారిస్ పాంపిడూ మ్యూజియం శాఖ అక్కడికి వస్తుందని 2021లో ప్రకటించారు, 2024లో రాష్ట్రం నిధులు వెనక్కి తీసుకుంది.

నా మాట అడిగితే, పెళ్లికాని వాళ్లు, వంట తక్కువ చేసుకునేవాళ్లు లాఫ్ట్ తీసుకోండి, ఒక ఏడాదైనా ఆ ఎండలో బతకండి. చిన్నపిల్లలున్నా, అమ్మానాన్నలు ఆర్నెల్లు వచ్చి ఉండేలా ఉన్నా టవర్, అదీ మధ్య అంతస్తుల్లో, వ్యూకి అదనం కట్టకుండా. మేం ఇప్పుడు ఉంటున్నది అలాంటి ఇంట్లోనే. కిటికీలోంచి కనిపించేది పక్క బిల్డింగ్ గోడ. వంటింటి ఫ్యాన్ మాత్రం బయటికి ఊదుతుంది. పోయిన నెల అమ్మ మళ్లీ వచ్చి పులిహోర చేసింది, అలారం మోగలేదు. "ఈ ఇల్లు నయంరా, ఆ గోదాము కంటే," అంది, కానీ ఆ పొద్దుటి ఎండ గుర్తొచ్చినట్టుంది, కాసేపు ఆ గోడ వైపే చూస్తూ కూర్చుంది.

గ్రోవ్ స్ట్రీట్ స్టేషన్ దాకా నడుస్తూ మిగతా ప్రశ్నలకి జవాబులు చెప్తాను. మీ బిల్డింగ్‌లో చిమ్నీ గాలి ఎటు పోతోందో కామెంట్లో రాయండి, బిల్డింగ్ పేరు అక్కర్లేదు.