ఎడమ కాలి చెప్పు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివారు, నేను మళ్లీ చదవను. నాకిచ్చిన అంశం 'ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు: స్కానింగ్‌లో కొత్త పోకడలు'. పోకడల సంగతి తర్వాత. ముందు, స్కాన్ తీయమని డాక్టర్లు మా రేడియాలజిస్టులకు రాసి పంపే ఆ రిక్వెస్ట్ ఫారం సంగతి తేలాలి.

'ఆయాసం. చెస్ట్ సీటీ.' ముప్పై ఏళ్లుగా నాకొచ్చే ఫారాల మీద ఇంతే. ఎప్పటి నుంచి? ఈమధ్య ఆపరేషన్ అయిందా? ఈ గడ్డలు చాలావరకు కాలి సిరల్లో కట్టి పైకి వచ్చేవే కదా, మరి కాలు వాచిందా? ఊహూఁ.

ఒకసారి కాన్పయి పది రోజులైన అమ్మాయి వచ్చింది. కాన్పు మాట ఫారంలో లేదు. కాంట్రాస్ట్, అంటే రక్తనాళాలు తెల్లగా కనబడేలా ఎక్కించే మందు, లేకుండా మామూలు సీటీ తీశారు. 'నార్మల్' అని సంతకం పెట్టింది నేనే. కాంట్రాస్ట్ లేకపోతే రక్తమూ బూడిద రంగే, గడ్డా ఇంచుమించు అదే. అయోడిన్ మందును సెకనుకు 4, 5 మిల్లీలీటర్ల వేగంతో ఎక్కించి, అది ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే పుపుస ధమనిలో నిండిన ఆ కొద్ది సెకన్లలోనే తీయాలి. అప్పుడే తెల్లటి ధమనిలో గడ్డ నల్లగా కనబడుతుంది.

రిపోర్టు తీసుకుని ఆ అమ్మాయి చెప్పులు వేసుకుంటోంది. ఎడమ పాదం చెప్పులో పట్టడం లేదు. అది చూసింది నేను కాదు, మా టెక్నీషియన్. "సార్, ఒక కాలే వాచింది, ఒక్కసారి రండి" అన్నాడు. కాంట్రాస్ట్‌తో మళ్లీ తీశాం. రెండు వైపులా గడ్డలు, గుండెలో కుడి జఠరిక ఉబ్బిపోయి ఉంది. బతికింది లెండి. కానీ ఆ చెప్పు నన్నిప్పటికీ వదల్లేదు.

వెనక వరుసలో ఫోన్లు చూసుకుంటున్న జూనియర్ డాక్టర్లూ, ఇది మీకే. 2006లో వచ్చిన పయోపెడ్-2 అధ్యయనంలో సీటీ యాంజియో, అంటే ఇలా కాంట్రాస్ట్‌తో తీసే సీటీ, 100 గడ్డల కేసుల్లో 83 పట్టింది. డాక్టరుకు గట్టి అనుమానం ఉండీ స్కాన్ నార్మల్ వచ్చినవాళ్లలో 100కి 40 మందికి నిజంగానే గడ్డ ఉంది. అప్పటి యంత్రాలు వేరు, ఒప్పుకుంటాను. కానీ మీ అనుమానం ఎంతో తెలియకుండా నా 'నార్మల్'కి విలువేముంది? అనుమానం తక్కువైతే ముందు డీ-డైమర్ అనే రక్త పరీక్ష చేయించండి. నెగటివ్ వస్తే నా దగ్గరికి పంపే పనే లేదు. కిడ్నీలు బాగోలేక కాంట్రాస్ట్ ఇవ్వలేకపోతే, ఊపిరితిత్తుల్లో గాలీ రక్తమూ ఎక్కడెక్కడ చేరుతున్నాయో చూపే వీక్యూ స్కాన్ ఉంది. అదైనా ఫారంలో రాస్తేనే కదా తెలిసేది!

ఐదు నిమిషాలే ఉన్నాయని చీటీ వచ్చింది. స్లైడ్లు ముప్పై ఆరు. వదిలేద్దాం. కాన్పు, ఆపరేషన్, క్యాన్సర్, కాలి వాపు, మీ అనుమానం... ఇవి రాయండి బాబూ. చోటు చాలకపోతే ఫారం వెనక్కి తిప్పి రాయండి. నేను తిప్పి చూస్తాను.