గొడ్డలి, మాండలిన్, బొటనవేలు: డ్రమ్స్ లేకుండా తాళం ఎలా పడుతుంది?

[తెరపై: ఆల్బమ్ అట్ట]

2000లో వచ్చిన 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?' సినిమా కథ 1937 నాటి మిసిసిపీలో నడుస్తుంది. టి బోన్ బర్నెట్ కూర్చిన దీని పాటల ఆల్బమ్ 2002లో 'ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్' గ్రామీ కొట్టింది. మొత్తం 19 ట్రాకులు. ఇవాళ మనం వినే వాటిలో డ్రమ్స్ లేవు. మరి తాళం ఎవరు వేస్తున్నారు?

ముందు ఫోన్‌లో షఫుల్, బాస్ బూస్ట్ రెండూ ఆపండి. బాస్ పెంచితే మనకు కావలసిన చిన్న చప్పుళ్లు దాని కింద నలిగిపోతాయి.

[1వ ట్రాక్]

ఇది స్టూడియో పాట కాదు. 1959లో మిసిసిపీ జైల్లో ఖైదీలు కట్టెలు కొడుతూ పాడుతుంటే జానపద పాటలు సేకరించే అలన్ లోమాక్స్ రికార్డు చేశాడు. ముందు పాడే గొంతు జేమ్స్ కార్టర్‌ది. గొడ్డలి దెబ్బే తాళం. మన నాట్ల పాటలో చేతులు కలిసినట్టు ఇక్కడ గొడ్డళ్లు కలవాలి, లేకపోతే పక్కవాడికి దెబ్బ తగులుతుంది.

[5, 7, 13, 16 ట్రాకులు]

ఒకే పాట నాలుగుసార్లు. 7లో గిటార్, 13లో ఫిడేలు, మాటలుండవు. ముందు ఈ రెండూ విని వరస పట్టుకోండి, తర్వాత 5, 16 వినండి. ఈ వాయింపును బ్లూగ్రాస్ అంటారు, అమెరికా పల్లె సంగీతంలో ఒక శైలి. అందులో బాస్ వాయిద్యం 'ధుమ్' అన్నాక మాండలిన్ 'చక్' అంటుంది. తీగలు మీటిన మరుక్షణం ఎడమచేతి వేళ్ల పట్టు వదులు చేస్తారు, మోత అక్కడే తెగుతుంది. డ్రమ్స్ లేని లోటు తీర్చేది ఆ 'చక్'. అన్నట్టు, బ్లూగ్రాస్ ఒక రూపానికి వచ్చింది 1940లలో బిల్ మన్రో బృందంతో. 1937 కథలో ఈ వాయింపు కాస్త తొందరపడి వచ్చిందన్నమాట!

[6వ ట్రాక్]

స్కిప్ జేమ్స్ 1931లో రికార్డు చేసిన బ్లూస్ (నల్లజాతి అమెరికన్ల వేదన పాట) ఇది, ఇక్కడ పాడింది క్రిస్ థామస్ కింగ్. తాళం బొటనవేలిది, మంద్ర తీగల మీద.

గిటార్ ఉన్నవాళ్లు స్కిప్ జేమ్స్ శ్రుతి ప్రయత్నించండి. 6, 3, 2, 1 తీగలను ఒక్కో పూర్తి స్వరం దించండి. 5, 4 తీగలు ముట్టుకోవద్దు. డి-ఎ-డి-ఎఫ్-ఎ-డి వస్తుంది. చాలామంది తప్పేది 3వ తీగ దగ్గరే: అర స్వరం దించి ఆపేస్తే ఎఫ్ షార్ప్ పడుతుంది, అది మేజర్, అంటే హుషారుగా వినిపించే శ్రుతి. ఏడుపు పాట కాస్తా పెళ్లిపాట అయిపోతుంది.

[14వ ట్రాక్]

పాడింది రాల్ఫ్ స్టాన్లీ. వాయిద్యం లేదు, తాళమూ లేదు. నాటకంలో పద్యం ఎత్తుకున్నట్టే, మాట ఎంత సాగాలో ఊపిరే నిర్ణయిస్తుంది. 70 దాటిన గొంతులోని ఆ జీర, ఆ వణుకు చిన్న స్పీకర్లో వినపడవు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. వేలితో లెక్క మాత్రం వేయకండి, రెండో పాదానికే తప్పుతుంది.