వాళ్ల కెమెరాల్లో దయ్యం లేదు

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ఇంత చలిలోనూ వచ్చిన మీ అందరికీ నమస్కారం. కార్యదర్శి గారు నాకు అప్పగించిన అంశం ‘ఫౌండ్ ఫుటేజ్ హారర్: సాంకేతిక విశేషాలు’. అంటే, తప్పిపోయినవాళ్ల కెమెరాలు దొరికినట్టు, వాటిలోని వీడియోనే మనకు చూపిస్తున్నట్టు తీసే భయానక సినిమాలు. ఊగిపోయే కెమెరా, మసక వెలుతురు, మధ్యలో తెగిపోయే శబ్దం, వీటన్నిటి గురించీ కాగితాలు రాసుకునే వచ్చాను. కానీ గుమ్మం దగ్గర పంచిన కరపత్రం చూశాక వాటి మీద మనసు నిలవడం లేదు. ఇవాళ వేయబోయే సినిమా పేరు కింద ‘నిజంగా జరిగిన కథ’ అని అచ్చువేశారు. ఆ మాట గురించే మాట్లాడతాను. కార్యదర్శి గారు మన్నించాలి.

సినిమా ‘ది డ్యాట్‌లోవ్ పాస్ ఇన్సిడెంట్’. 2013లో రెనీ హార్లిన్ తీశారు. అమెరికన్ విద్యార్థులు కెమెరాలు పట్టుకుని రష్యాలోని ఉరల్ పర్వతాలకు వెళ్తారు. మంచులో ఒక ఇనుప తలుపు, దాని వెనక రహస్య స్థావరం, లోపల మనిషిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మాయం చేసే ప్రయోగాలు. ఇందులో ఏది నిజంగా జరిగింది? తొమ్మిది మంది చనిపోవడం ఒక్కటే.

వాళ్లెవరో చెప్పనివ్వండి. 1959 జనవరిలో స్వెర్ద్‌లోవ్‌స్క్ నుంచి పది మంది స్కీ యాత్రకు బయల్దేరారు. ఇప్పుడు ఆ ఊరిని యెకాతెరిన్‌బర్గ్ అంటున్నారు. తొమ్మిది మంది ఉరల్ పాలిటెక్నిక్‌లో చదువుతున్నవాళ్లు, చదువు ముగించి ఉద్యోగాల్లో చేరినవాళ్లు. పదో మనిషి సిమ్యోన్ జొలొతార్యోవ్, యుద్ధం చేసి వచ్చినవాడు. నాయకుడు ఈగోర్ డ్యాట్‌లోవ్‌కి 23 ఏళ్లు. లూదా దుబీనినాకి 20. దారిలో ఒంట్లో బాగోక యూరి యూదిన్ జనవరి 28న వెనక్కి మళ్లాడు. అలా అతనొక్కడే మిగిలాడు.

ఫిబ్రవరి 1 సాయంత్రం ఖోలాత్ స్యాఖ్‌ల్ కొండవాలు మీద డేరా వేశారు. ఆ రాత్రి డేరాను లోపలి నుంచి కోసుకుని, చాలామంది కాళ్లకు బూట్లయినా లేకుండా, కిందనున్న అడవి వైపు నడిచారు. కిలోమీటరున్నర దూరంలో ఒక దేవదారు చెట్టు కింద మంట వేసుకున్నారు. ఒక్కరూ బతకలేదు. కొందరిని చలి చంపింది, ముగ్గురిని పెద్ద దెబ్బలు చంపాయి. చివరి నలుగురూ మే నెలలో మంచు కరిగాక గానీ దొరకలేదు. మనుషులు ఎదిరించలేని ప్రకృతి శక్తి వల్ల పోయారని రాసి కేసు మూసేశారు. ఏ శక్తి అన్నది చెప్పలేదు. ఆ సందులోంచి దూరాయండీ గ్రహాంతరవాసులు, రహస్య ఆయుధాలు, మంచుమనుషులు!

మా తరానికి ఈ రష్యన్ పేర్లు పరాయివి కావు. విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాను ఊళ్లోకొస్తే పరిగెత్తినవాళ్లం. మాస్కో నుంచి తెలుగులో వచ్చిన ప్రగతి, రాదుగ పుస్తకాల్లో యూరి, జీనా, కోల్యా అనే పిల్లలతో కలిసి పెరిగాం. అందుకేనేమో, ఈ బృందంలోని జీనా కొల్మొగోరొవా ఫొటో చూస్తే తెలిసిన అమ్మాయిలా ఉంటుంది నాకు.

ఫొటో అన్నాను కదా, అసలు సంగతి అక్కడుంది. ఈ కేసులో నిజమైన ఫౌండ్ ఫుటేజ్ ఉంది! మీలో ఎంతమంది చూశారు? వాళ్ల దగ్గర కెమెరాలున్నాయి, డైరీలున్నాయి, వెతకడానికి వెళ్లినవాళ్లకు దొరికాయి. రీళ్లు కడిగి చూస్తే ఏముంది? వెనక్కి వెళ్లిపోతున్న యూదిన్‌ని లూదా కౌగలించుకుని సాగనంపుతోంది. మూటలు మోస్తున్నారు, నవ్వుతున్నారు, ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు. చివరి ఫొటోల్లో ఒకదాంట్లో హోరుగాలిలో వంగి, డేరా కోసం మంచు తవ్వుతున్నారు. జనవరి 31న డ్యాట్‌లోవ్ డైరీలో రాసిందేమిటంటే, ఊళ్లకు ఇంత దూరాన, గాలి ఇంతగా ఊళపెడుతుంటే, ఈ కొండల్లో ఇంత హాయిగా ఉంటుందని ఊహించుకోవడం కష్టమట.

అన్నిటికంటే నాకిష్టమైనది వాళ్లు సరదాకి రాసిన పత్రిక, ‘సాయంకాల ఒతోర్తెన్’. వాళ్లు ఎక్కాలనుకున్న కొండ పేరు ఒతోర్తెన్. అందులో ఆటల వార్త చూడండి: పొయ్యి బిగించే పోటీలో దొరొషెంకో, కొల్మొగోరొవా ప్రపంచ రికార్డు, ఒక గంట 2 నిమిషాల 27.4 సెకన్లు! పాపం, ఆ పొయ్యి ఎంత ఏడిపించిందో. చర్చకు ఒక ప్రశ్న: ఒక్క పొయ్యి, ఒక్క దుప్పటితో తొమ్మిది మందికి వెచ్చదనం సాధ్యమా? విజ్ఞాన శాస్త్రం శీర్షిక కింద, మంచుమనుషులు ఒతోర్తెన్ చుట్టుపక్కలే ఉంటున్నారని ఇంకో వార్త.

ఆ వేళాకోళాన్ని ఏం చేశారో తెలుసా? 2014లో ఒక అమెరికన్ టీవీ కార్యక్రమం, వీళ్లను చంపింది మంచుమనిషేనని చెప్పడానికి ఆ వాక్యాన్ని సాక్ష్యంగా చూపించింది. చలిలో వణుకుతూ స్నేహితులు నవ్వుకోవడానికి రాసుకున్న వాక్యమండీ అది! నాకు బాధ కలిగేది ఇక్కడే.

నేను హారర్‌కి వ్యతిరేకిని కాను. 1999లో ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ వచ్చింది. ఆ మంత్రగత్తె కల్పన, తప్పిపోయిన ముగ్గురూ నటులు, అందరూ క్షేమం. అయినా నటి హీథర్ డానహ్యూ తల్లికి జనం సానుభూతి కార్డులు పంపారు. కూతురు బతికుండగా ఆ తల్లికి అవి అందాయి. మరి నిజంగా పోగొట్టుకున్న తల్లుల సంగతి ఆలోచించండి.

2009లో ‘ది ఫోర్త్ కైండ్’ అని ఇంకొకటి. అలాస్కాలోని నోమ్ పట్టణంలో మనుషులు మాయమవడానికి గ్రహాంతరవాసులు కారణమంటుంది. ‘అసలు వీడియో’ అని చూపించిందంతా నటులతో తీసిందే. ప్రచారానికి అక్కడి పత్రికల పేర్లతో దొంగ వార్తలు సృష్టించి, చివరికి పరిహారం కట్టారు. నోమ్‌లో మనుషులు తప్పిపోయిన మాట నిజం. ఎక్కువమంది స్థానిక ఆదివాసులు. ఎఫ్‌బీఐ విచారించి మద్యం, తీవ్రమైన చలి ప్రధాన కారణాలని తేల్చింది. ఆ కుటుంబాలకు కావలసింది చలికాలంలో ఒక భద్రమైన ఆసరా. వాళ్లకు దొరికింది పళ్లెం ఆకారపు విమానం.

డ్యాట్‌లోవ్ విషయంలో సినిమా చేసిన మేలు కూడా ఒకటుంది, అది చెప్పకపోతే అన్యాయం. స్విట్జర్లాండ్‌లో యోహాన్ గోమ్, అలెగ్జాండర్ పూజ్రిన్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు 2021లో ఒక వివరణ ప్రచురించారు. డేరా కోసం వాలును తవ్వడంతో పైనున్న మంచుకు కింద పట్టు తగ్గింది. రాత్రంతా గాలి ఇంకా మంచు తెచ్చి పేర్చింది. కొన్ని గంటలకు ఒక చిన్న పలక విరిగి, పడుకున్నవాళ్ల మీద పడింది. ఆ లెక్కకు గోమ్‌కి సాయపడింది ‘ఫ్రోజెన్’ అనే పిల్లల బొమ్మల సినిమా! అందులో మంచు కదలిక చూసి ఆశ్చర్యపోయి, డిస్నీ వాళ్లను కలిసి, ఆ ప్రోగ్రామును తన పనికి మలచుకున్నాడు. ఎముకలు ఎంత దెబ్బకు విరుగుతాయో కార్ల భద్రతా పరీక్షల లెక్కల్లో చూశారు. అంత చేసీ, రహస్యమంతా విడిపోయిందని వాళ్లు అనలేదు. ఆ బొమ్మల సినిమాలో రాణికోట కట్టడానికి పుట్టిన మంచు ఈ తొమ్మిది మందికి న్యాయం చేయడానికి ప్రయత్నించింది. వాళ్ల పేరు పెట్టుకున్న సినిమా ఆ పని చేయలేదు.

యూరి యూదిన్ తన స్నేహితుల సామాను ఇది ఫలానావాళ్లదని గుర్తుపట్టి చెప్పాడు. ఆ రాత్రి ఏం జరిగిందనే ప్రశ్న బతికినన్నాళ్లూ మోశాడు. 2013 ఏప్రిల్‌లో పోయాడు. ఈ సినిమా వచ్చిన ఏడాదే అది.

ఆ వెనక వరసలో ఫోన్లతో షార్ట్ ఫిల్ములు తీస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మిమ్మల్నే అడుగుతున్నాను. తేలని కేసు ఏదైనా మీకు కథ ఇస్తే తీసుకోండి, భయపెట్టండి. కానీ ఊరి పేరు, మనుషుల పేర్లు మార్చండి. మార్చనంటారా, అయితే వాళ్లు పోయిన రాత్రితో పాటు బతికిన రోజుల్నీ చూపించండి. తెర మీద ‘నిజంగా’ అని వేసే ముందు, చనిపోయినవాళ్ల ఇంట్లో కూర్చుని ఆ సినిమా చూడగలరా అని మిమ్మల్ని మీరు అడగండి.

కార్యదర్శి గారూ, సినిమా ఆపమనడం లేదు, వేయండి. నాదొక్కటే మనవి. డ్యాట్‌లోవ్ బృందం తీసుకున్న ఫొటోలు ఈ పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను. టైటిల్స్ కంటే ముందు అవి వేయించండి. ఒక్కొక్కరి పేరూ నేను చెబుతాను. సాంకేతిక విశేషాల మీద ప్రశ్నలుంటే సినిమా అయ్యాక ఉంటాను, అడగండి. నమస్కారం.