గడ్డి మేసిన రాజు

శ్రోతలకు నమస్కారం.

తప్పు చేసినవాడు ఒక్కోసారి "నా బుద్ధి గడ్డి తిన్నది" అని ఒప్పుకుంటాడు. బైబిల్లో ఒక చక్రవర్తికి ఈ మాట అక్షరాలా జరిగింది.

అతడు బబులోను (బాబిలోన్) రాజు నెబుకద్నెజరు. క్రీస్తుపూర్వం 605 నుంచి 562 వరకు ఏలాడు. యెరూషలేము దేవాలయాన్ని కాల్పించి యూదులను బందీలుగా తీసుకుపోయింది ఇతడే. అతడు కట్టించిన నగరపు ఇటుకలు ఇప్పటికీ మ్యూజియంలలో ఉన్నాయి. పచ్చి మట్టి మీదే రాజు పేరు, తండ్రి పేరు, బిరుదులు ముద్ర వేసి కాల్చేవారు. గోడలో పేర్చాక ఆ ముద్ర చాలావరకు కంటికి కనిపించదు. అయినా వేయించాడు!

దానియేలు గ్రంథం నాలుగో అధ్యాయంలో అతనికి ఒక కల వస్తుంది. ఆకాశమంత చెట్టు, దాన్ని నరికి మొద్దు మాత్రం ఉంచమని పైనుంచి ఆజ్ఞ. కల అర్థం చెప్పడానికి వచ్చినవాడు యూదు ప్రవక్త దానియేలు. ఆ చెట్టు మీరేనని రాజుతో చెప్పడానికి అతడు జంకాడు. చెప్పి, ఒక సలహా కూడా ఇచ్చాడు: పాపాలు మానండి, బీదల మీద జాలి చూపండి. బలులు ఇవ్వమని అనలేదు, గమనించండి.

పన్నెండు నెలలు గడిచాయి. మేడ మీద పచార్లు చేస్తూ రాజు నగరాన్ని చూసి, ఇంతటి బబులోనును కట్టించింది నేను కాదా అన్నాడు. ఆ మాట నోట్లో ఉండగానే తీర్పు వచ్చింది. మనుషుల్లోంచి అతణ్ణి తరిమేశారు. ఎద్దులా గడ్డి మేశాడు, మంచుకు తడిశాడు. వెంట్రుకలు గద్ద ఈకల్లా, గోళ్లు పక్షి గోళ్లలా పెరిగాయి.

ఈ అధ్యాయం రాజు సకల జనులకు పంపిన ప్రకటన. "నేను" అంటూ మొదలవుతుంది. పతనం దగ్గర మాత్రం కథనం "అతడు" అని సాగుతుంది. అతడు ఆకాశం వైపు కళ్లెత్తి, మతి తిరిగివచ్చిన చోట మళ్లీ "నేను" వస్తుంది. కళ్లు నెత్తికెక్కినవాడు ఆ కళ్లతోనే పైకి చూశాడు. నాకు ఇంకా ముచ్చటైన సంగతి, అతడు దీన్ని దాచుకోకపోవడం. దాచుకుంటే రాజును అడిగేదెవరు? ఇటుక ఇటుకకూ పేరు వేయించుకున్నవాడు, తాను గడ్డి మేసిన సంగతిని అదే పేరుతో ఊరూరా చాటించాడు.

తర్వాతి కాలంలో బబులోనును ఏలిన బెల్షస్సరు యెరూషలేము దేవాలయపు పాత్రల్లో ద్రాక్షారసం పోయించి విందు చేశాడు. గోడ మీద చేతివేళ్లు కనిపించి ఏదో రాశాయి. దాన్ని చదవడానికి వచ్చిన దానియేలు మొదట నెబుకద్నెజరు కథ చెప్పి, "ఇదంతా నీకు తెలుసు, అయినా మనసు వంచుకోలేదు" అన్నాడు. బెల్షస్సరు అతనికి ఊదారంగు వస్త్రం, బంగారు గొలుసు ఇప్పించాడు. తన తప్పు గురించి ఒక్క మాట అన్నట్టు గ్రంథంలో లేదు. ఆ రాత్రే బెల్షస్సరును చంపేశారు.