డిస్క్ పోయే రోజును ముందే రిహార్సల్ చేద్దాం

హనుమకొండ, కాజీపేట ప్రాంతాల్లో ఫోటో స్టూడియోలు, చిన్న ఆఫీసులు నడిపే మిత్రులకు నమస్కారం.

పెళ్లిళ్ల సీజన్‌లో ఒక్కో పెళ్లికి వందల జీబీ ఫుటేజ్ వస్తుంది. దాన్ని ఒకచోట పెట్టుకోవడానికి ఖరీదైన పెట్టె అక్కర్లేదు. పాత ఆఫీసు కంప్యూటర్, 4 జీబీ ర్యామ్, సిస్టమ్‌కు చిన్న ఎస్‌ఎస్‌డీ, డేటాకు 4 టీబీ డిస్క్‌లు రెండు చాలు. డెబియన్ (ఉచిత లినక్స్ సిస్టమ్) వేసి, ఎండీఏడీఎం అనే లినక్స్ టూల్‌తో రెండింటినీ రెయిడ్ 1గా, అంటే రెండింటిపైనా ఒకే డేటా ఉండేలా కలపండి, మిగతా కంప్యూటర్లకు ఆ ఫోల్డర్లు కనిపించేలా పైన సాంబా పెట్టండి. డేటాను మూడు డిస్క్‌లకు పంచే రెయిడ్ 5లో జాగా ఎక్కువే. కానీ రెయిడ్ 1లో కంప్యూటర్ మొత్తం కాలిపోయినా, మిగిలిన ఒక్క డిస్క్‌ను ఏ లినక్స్ మెషీన్‌కు తగిలించినా డేటా చేతికొస్తుంది. చిన్న దుకాణానికి అదే కావాలి.

డిస్క్ కొనేటప్పుడు సీఎంఆర్ రకమే అడగండి, అందులో డేటా రాసే ట్రాక్‌లు విడివిడిగా ఉంటాయి. ఎస్‌ఎంఆర్‌లో ట్రాక్‌లు ఒకదానిపై ఒకటి ఎక్కి ఉంటాయి కనుక ఆగకుండా రాస్తుంటే వేగం పడిపోతుంది. 7, 8 గంటల్లో అయ్యే రీబిల్డ్ (పోయిన డిస్క్ బదులు పెట్టినదాంట్లోకి డేటా మళ్లీ కాపీ కావడం) రోజుల తరబడి సాగుతుంది. పార్టిషన్ చేసేటప్పుడు చివర 100 ఎంబీ వదలండి. రేపు కొనే డిస్క్ కాస్త చిన్నదైనా ఆ పార్టిషన్ అందులో పడుతుంది.

చాలామంది ఇరుక్కునేది మరోచోట. మామూలు డెస్క్‌టాప్ డిస్క్ ఒక చెడ్డ సెక్టార్‌ను (డేటా ఉండే చిన్న ముక్కను) చదవడానికి రెండు నిమిషాలకు పైగా పట్టుబట్టి ప్రయత్నించవచ్చు. లినక్స్ మాత్రం 30 సెకన్లే చూసి డిస్క్‌ను రీసెట్ చేయబోతుంది, అదీ కుదరకపోతే ఎర్రే (రెయిడ్‌గా కలిపిన డిస్క్‌ల జట్టు) నుంచి తీసేస్తుంది. ఒక్క సెక్టార్ కోసం మంచి డిస్క్ బయటికి పోతుంది. స్మార్ట్‌సీటీఎల్ అనే టూల్‌తో ఎస్‌సీటీ ఈఆర్‌సీని (డిస్క్ ఎంతసేపు ప్రయత్నించాలో చెప్పే గడువును) 70, 70 అని, అంటే సెకనులో పదో వంతుల్లో, పెడితే డిస్క్ 7 సెకన్లకే ఊరుకుంటుంది. ఆ సౌకర్యం లేని డిస్క్‌కు లినక్స్ టైమౌట్‌నే 180 సెకన్లకు పెంచండి. కరెంటు పోయి వస్తే ఈ సెట్టింగులు పోతాయి కాబట్టి బూట్ స్క్రిప్ట్‌లో రాయాలి.

ఇక అసలు పని. డేటా ఎక్కించక ముందే ఒక డిస్క్‌ను మీరే చంపండి. ఎండీఏడీఎంలో ఫెయిల్, రిమూవ్ ఇచ్చి, ఆ పార్టిషన్‌పై జీరో-సూపర్‌బ్లాక్ నడిపి (రెయిడ్ గుర్తు అయిన సూపర్‌బ్లాక్‌ను తుడిచి), తిరిగి యాడ్ చేయండి. సూపర్‌బ్లాక్ తుడవకపోతే బిట్‌మ్యాప్ (ఏ భాగాలు మారాయో రాసుకున్న పట్టిక) చూసి మారిన భాగాన్నే కాపీ చేస్తుంది, రీబిల్డ్‌కు నిజంగా ఎంతసేపు పడుతుందో మీకు తెలియదు. తర్వాత మెషీన్ ఆపి, ఒక డిస్క్ కేబుల్ పీకి, ఒంటి డిస్క్‌తో లేస్తుందో లేదో చూడండి. ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో ఏ డిస్క్ ఎక్కడ కలపాలో చెప్పే ఫైలులో) మారిపోగల ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు కాకుండా యూయూఐడీ (మారని గుర్తింపు సంఖ్య) రాయండి, డిస్క్ దొరకకపోయినా బూట్ ఆగకుండా పక్కన నోఫెయిల్ చేర్చండి. ప్రతి డిస్క్ సీరియల్ నంబరును కనిపించే చోట స్టిక్కర్‌పై రాసి అంటించండి. పాడైంది అనుకుని బాగున్నదాన్ని లాగేస్తే సర్వర్‌లో పనిచేసే డిస్క్ మిగలదు.

రెయిడ్‌లో పెద్ద ప్రమాదం నిశ్శబ్దం. ఒక డిస్క్ పోయినా ఫైళ్లు మామూలుగానే తెరుచుకుంటాయి, ఎవరికీ తెలియదు. రెండోది కూడా పోయినప్పుడే తెలుస్తుంది. అందుకే మెయిల్ హెచ్చరిక పెట్టి, ఎండీఏడీఎంలోని మానిటర్, స్కాన్, వన్‌షాట్, టెస్ట్ ఆప్షన్లతో మెయిల్ నిజంగా వస్తోందా అని పరీక్షించండి.

మన ఎండల్లో డిస్క్ వేడి 50 డిగ్రీలు దాటకుండా ముందు ఫ్యాన్ ఉండాలి. యూపీఎస్ తప్పనిసరి, యూఎస్‌బీ తీగతో కలిపి, బ్యాటరీ తగ్గగానే సర్వర్ తనంతట తాను ఆగేలా చూడాలి.

పొరపాటున తుడిచిన ఫోల్డర్ రెండు డిస్క్‌ల నుంచీ ఒకేసారి పోతుంది, వైరస్ పట్టినా అంతే. కాబట్టి మూడో డిస్క్‌పై వారానికోసారి బ్యాకప్ తీసి, అందులో నాలుగు ఫైళ్లు తెరిచి చూసి, తీగ పీకి ఇంటికి తీసుకెళ్లండి.