పాత మారుతి వ్యాన్ కొనేముందు మ్యాట్ ఎత్తి చూడండి

నమస్తే అండి. విజయవాడ పటమటలో మా ఇంటి ముందు నుంచి మాట్లాడుతున్నాను. నా వెనకాల ఉన్న ఈ తెల్ల వ్యాన్ 1997 మోడల్ మారుతి ఓమ్ని, అప్పట్లో నాన్న దీన్ని కొత్త బండిగా కొన్నారు, ఇప్పటిదాకా ఆయన పేరు మీదే ఉంది. మోకాళ్ల నొప్పులతో ఆయన డ్రైవింగ్ మానేశారు, అందుకని అమ్ముతున్నాం. అయితే పాత వ్యాన్‌ని ఎలా చూసుకోవాలో ముందు ఈ బండి మీదే చూపిస్తాను, ఎందుకంటే "ఫ్యామిలీ వాడిన బండి, నీట్‌గా ఉంది" అన్న ఒక్క మాట నమ్మి మా పెదనాన్నగారి అబ్బాయి చాలా నష్టపోయాడు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి కదా. అప్పుడు మునిగిన బండిని ఎవరో కడిగి రంగేసి అమ్మకానికి పెడితే అన్నయ్య కొన్నాడు. పెయింట్ అద్దంలా మెరిసిపోతోంది. రెండు నెలలు తిరిగేసరికి హెడ్‌లైట్లు వాటంతట అవే ఆరిపోవడం, సెల్ఫ్ పట్టకపోవడం. ఆటోనగర్ తీసుకెళ్లి వైరింగ్ విప్పిస్తే లోపల ఎండిన బురద పొడిపొడిగా రాలింది. అమ్మినాయన ఫోన్ ఎత్తడం మానేశాడు.

కాబట్టి రంగు ఆఖర్న చూడండి, ముందు కింద చూడండి. తమ్ముడూ, కెమెరా కిందికి పట్టు. ఇదిగో, మ్యాట్ పూర్తిగా ఎత్తేశాను, మూల మాత్రమే ఎత్తితే సరిపోదు. ఫ్లోర్ రేకు మీద అక్కడక్కడా తుప్పు మచ్చలు ఉన్నాయి, ముప్పై ఏళ్లకు దగ్గరపడిన బండికి అది మామూలే, కానీ స్క్రూడ్రైవర్ పిడితో కొడితే టంగుమని మోగాలి. మెత్తగా లోపలికి దిగితే ఆ బండి వదిలేయండి. స్లైడింగ్ డోరు కింద అడుగు పెట్టే చోటు, వెనక చక్రాల పైన వంపు, ముందు అద్దం రబ్బరు కింది అంచు, వాన నీళ్లు నిలిచేది ఇక్కడే. మా బండికి ఎడమ వెనక చక్రం దగ్గర 2015లో టింకరింగ్ చేయించాం, ఈ వెల్డింగ్ అతుకు అదే, దగ్గరగా చూపించు. అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి బాడీ అంతా ఆనిస్తూ రండి, అంటుకోని చోట రేకు మీద పుట్టీ మందంగా పెట్టారన్నమాట.

మునిగిన బండి అయితే సీట్ బెల్టు చెప్పేస్తుంది. చివరిదాకా లాగండి. కడిగేవాళ్లు కనబడే ముక్క కడుగుతారు గానీ లోపల చుట్టుకుని ఉన్న పట్టీలో బురద గీత అలాగే ఉండిపోతుంది. డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి వైర్ల కట్ట తడమండి, వేళ్లకి ఇసుక తగిలితే అర్థం చేసుకోండి.

ఇక ఇంజన్. ఈ బండికి ముందు సీట్ల కింద ఉంటుంది, సీటు ఇలా ఎత్తితే చాలు. 796 సీసీ, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు, ఇది కార్బ్యురేటర్ బండి, అంటే గాలీ పెట్రోలూ కలిపి ఇంజన్‌కి పంపే పాత పద్ధతిది. చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే చల్లని ఇంజన్ ఎలా అందుకుంటుందో మీకు తెలియనివ్వట్లేదని అర్థం. స్టార్ట్ చేశాక సైలెన్సర్ దగ్గర నిలబడండి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ తగలడుతోంది, నల్లగా వస్తే పెట్రోల్ ఎక్కువ పోతోంది, ఇది కార్బ్యురేటర్ సెట్టింగుతో పోవచ్చు. చల్లటి పూట మొదట్లో కొంచెం తెల్ల ఆవిరి వస్తే భయపడకండి, ఇంజన్ వేడెక్కాక కూడా వస్తుంటేనే టెన్షన్ పడాలి.

ఇంకొకటి, ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోలు. ఇలాంటి పాతకాలం బండ్ల రబ్బరు పైపులు దానికోసం చేసినవి కావు, ఉబ్బి పగులుతాయి. కింద ఇంజను, పైన మనుషులు కూర్చునే బండి, పెట్రోల్ కారితే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. పోయిన నెల పైపులన్నీ మార్పించాను, బిల్లు ఉంది. వెనక సీటు కింద ఖాళీ బోల్టు రంధ్రాలు, వెల్డింగ్ గుర్తులు ఉంటే గ్యాస్ సిలిండర్ పెట్టి తిప్పారేమో అడగండి, ఆర్సీలో గ్యాస్ అని ఎక్కిందో లేదో చూసుకోండి.

కాగితాలు. "పదిహేనేళ్లు దాటిన బండి తిరగనివ్వరంట కదా" అని చాలామంది అడుగుతున్నారు. ఆ రూలు ఢిల్లీ చుట్టుపక్కల గురించి వచ్చింది. మన దగ్గర ఫిట్‌నెస్ ఉంటే అయిదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ చేసుకోవచ్చు. దీనికి 2012, 2017, 2022లో చేయించారు, 2027దాకా ఉంది. అయితే 20 ఏళ్లు దాటిన కార్లకి రెన్యువల్ ఫీజు 2025లో రూ.10,000 చేశారు, అది మీ లెక్కలో వేసుకోండి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసి ఆర్సీతో ఒక్కొక్క అంకె సరిపోల్చండి. బండి పేరు మార్చడానికి ఇచ్చే ఫారం 29, 30 మీద నాన్న సంతకాలు మీ ఎదురుగానే పెడతారు, పేరు మార్పు మాత్రం నానబెట్టకండి. రికార్డులో ఎవరి పేరుంటే యాక్సిడెంట్ పరిహారం వాళ్ల మెడకే చుట్టుకుంటుంది, 2018లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది.

సేఫ్టీ గురించి కూడా దాచను. దీనికి ఎయిర్‌బ్యాగులు లేవు, మీ మోకాళ్లకీ ఎదుటి బండికీ మధ్య ఒక రేకు, బంపరు, అంతే. హైవే మీద స్పీడుగా వెళ్లాలనుకునేవాళ్లు దయచేసి దీన్ని కొనకండి. వెనక ఎదురెదురు సీట్లలో మేం పిల్లలం కూర్చుని మంగళగిరి పానకాల స్వామి దగ్గరికి, కోటప్పకొండకి ఎన్నిసార్లు వెళ్లామో, నాన్న ఎప్పుడూ అరవై దాటించలేదు. ఊళ్లో తిరగడానికి, పాత బండి మీద ఇష్టమున్నవాళ్లకి ఇది సరైనది.

లోపాలు కూడా చెప్తాను. రెండో గేరు పొద్దున్నపూట కరకరలాడుతుంది, మన ఎండలకి డాష్‌బోర్డు రెండు చోట్ల పగిలింది, స్లైడింగ్ డోరు రోలర్ అరిగింది, కాస్త ఎత్తి లాగాలి. రూ.90,000 అడుగుతున్నాం. ఆదివారం పొద్దున ఏడింటికి రండి, మీ మెకానిక్‌ని వెంట తెచ్చుకోండి. శనివారం రాత్రి నుంచి బండి తాళం అమ్మ దగ్గరే ఉంటుంది, మీరు వచ్చి చెయ్యి పెట్టి చూసేదాకా స్టార్ట్ చేయం.