దిగితే గానీ ఎక్కలేని నియోజకవర్గం: అరకు సరిహద్దుల కథ

వ్యాఖ్యాత: నమస్కారం. మన్యంలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి, అన్నేళ్లూ ఎన్నికల డ్యూటీలు చేసి రిటైరైన ఒక మాస్టారు ఈ రోజు మనతో ఉన్నారు. అరకు పార్లమెంటు సీటు గురించి అడుగుదామని పిలిస్తే ఆయన చంకలో ఓ మ్యాపు పెట్టుకుని వచ్చారు. ఎందుకు మాస్టారూ?

మాస్టారు: మ్యాపు లేకుండా చెబితే నమ్మరమ్మా. ఇదిగో, ఈ చివర పాలకొండ, నాగావళి పక్కన. ఆ చివర రంపచోడవరం, గోదావరి వైపు. ఒకే ఎంపీ. ఇప్పుడు పాలకొండ నుంచి రంపచోడవరం వెళ్లాలి. ఎలా వెళ్తావు?

వ్యాఖ్యాత: కొండల మీదుగా... కాదు, హైవే ఎక్కాలేమో.

మాస్టారు: అదీ సంగతి. కిందికి దిగి విజయనగరం, అనకాపల్లి, కాకినాడ ఎంపీల పరిధి దాటుకుంటూ పోయి, మళ్లీ కొండెక్కాలి. సాలూరు నుంచి అరకు పోవాలన్నా అంతే. దిగాలి, లేదంటే ఒడిశాలోంచి తిరిగి రావాలి. సొంత ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదికి వీధిలోంచి పోయినట్టు ఉంటుంది.

వ్యాఖ్యాత: (నవ్వు) మరి ఇలా ఎవరు గీశారండీ?

మాస్టారు: జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్. 2001 జనాభా లెక్కలు తీసుకుని గీశారు, 2008లో అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఉమ్మడి రాష్ట్రంలో ఎస్టీ ఎంపీ సీట్లు రెండే, పార్వతీపురం, భద్రాచలం. ఆ రెండూ పోయాయి. అరకు, మహబూబాబాద్, ఆదిలాబాద్ వచ్చాయి. పాడేరు వాళ్లు అప్పటిదాకా భద్రాచలం ఎంపీకి ఓటేసేవారు. అసెంబ్లీ సీట్లలోనూ నాగూరు పోయి కురుపాం, ఎల్లవరం పోయి రంపచోడవరం వచ్చాయి. పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు, అరకు లోయ, పాడేరు, రంపచోడవరం కలిపి ఏడు. అప్పటి లెక్కన నాలుగు జిల్లాలు.

వ్యాఖ్యాత: నియోజకవర్గం కుదురుగా ఉండాలని, రాకపోకల సౌకర్యం చూడాలని, ఈ సరిహద్దులు గీసే డీలిమిటేషన్ చట్టంలోనే ఉంది కదా?

మాస్టారు: ఉంది. ఎస్టీల జనాభా నిష్పత్తి ఎక్కడ ఎక్కువో అక్కడే వాళ్ల సీటు ఉండాలని కూడా అదే చట్టంలో ఉంది. తూర్పు కనుమల వెంట మన్యం కండువాలా సన్నగా పొడుగ్గా ఉందాయె. గుండ్రంగా గీద్దామంటే మైదానం ఊళ్లు వచ్చి చేరతాయి. చేరాయంటే కొండ మీది ఓటు పలచబడిపోతుంది. అందుకని ఈ వంకర గీతను నేను తప్పుపట్టను. తప్పు రోడ్డుది.

వ్యాఖ్యాత: మొదటి ఎన్నిక 2009లో కదా.

మాస్టారు: అది చిత్రమైన పోటీ. పార్వతీపురం ఎంపీ కిశోర్ చంద్రదేవ్, భద్రాచలం ఎంపీ మిడియం బాబూరావు, ఇద్దరి సీట్లూ మాయమయ్యాయి. ఇద్దరూ అరకుకే వచ్చారు, ఒకరు కాంగ్రెస్, ఒకరు సీపీఎం. దేవ్ గారు గెలిచారు. పదేళ్ల తర్వాత తెలుగుదేశం తరఫున నిలబడి అక్కడే గొడ్డేటి మాధవి చేతిలో ఓడిపోయారు.

వ్యాఖ్యాత: ఇక్కడ నోటా, అంటే ఎవరూ వద్దనే ఓట్లు చాలా ఎక్కువంటారు?

మాస్టారు: 2019లో దాదాపు 48 వేలు, 2024లో 50 వేలు దాటాయి. అదంతా కోపమే అంటారు పట్నంలో. నాకు అలా అనిపించదు. ఒకే రోజు ఎంపీకి ఒక యంత్రం, ఎమ్మెల్యేకు ఒక యంత్రం. ఎమ్మెల్యేను ఎరుగుదురు. ఎంపీ ఎవరో, ఏ ఊరో తెలియదు. అంత పొడుగు సీటులో తెలిసేదెలా? కోపం ఉన్నవాళ్లూ ఉంటారులే.

వ్యాఖ్యాత: మ్యాపులో కింద పెన్సిల్ గీతలు ఉన్నాయి, అవేమిటి?

మాస్టారు: అవా? కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, ఎటపాక. పోలవరం ముంపు కోసం ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రకు వచ్చిన మండలాలు. 2014లో అక్కడివాళ్లు భద్రాచలం ఎమ్మెల్యేకు ఓటేశారు. ఎన్నికలు ముగియగానే ఊళ్లు ఈ రాష్ట్రంలో కలిశాయి, ఎమ్మెల్యే ఆ రాష్ట్రంలో ఉండిపోయారు. ఆ గెలిచిన సున్నం రాజయ్య గారి సొంత ఊరు వి.ఆర్.పురం మండలమే! ఊరు ఇటు, సీటు అటు. ఆ మండలాల వాళ్లు రంపచోడవరంలో మొదటిసారి ఓటేసింది 2019లోనే.

వ్యాఖ్యాత: పై వైపు సాలూరు దగ్గర కొఠియా గొడవ కూడా ఉంది కదా.

మాస్టారు: ఇరవై ఒక్క ఊళ్లు. మావంటే మావని ఆంధ్ర, ఒడిశా రెండూ అంటాయి. అక్కడ రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉన్నవాళ్లున్నారు. 2024 మే 13న అరకుకూ ఒడిశాలోని కోరాపుట్ ఎంపీ సీటుకూ ఒకే రోజు పోలింగ్. ఎమ్మెల్యే లేకుండా పోయిన ఊరు ఒకవైపు, ఇద్దరు ఎంపీలున్న ఊరు ఇంకోవైపు!

వ్యాఖ్యాత: 2022లో ఎంపీ సీటుకొక జిల్లా అన్నప్పుడు దీన్నెందుకు రెండు చేశారు?

మాస్టారు: పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు అని రెండు చేశారు. కలెక్టరు దగ్గరకు మనిషి రోజూ పోవాలి కదమ్మా, ఎంపీ దగ్గరకు పోకపోయినా నడుస్తుంది.

వ్యాఖ్యాత: మళ్లీ గీతలు మారుస్తారంటున్నారు. ఈ మ్యాపు నాకు ఇచ్చి వెళ్తారా?

మాస్టారు: తీసుకో. పెన్సిల్ కూడా ఉంచుకో.